తప్పు పట్టుట – తప్పు దిద్దుట

తప్పు పట్టుట కొంచెము చదివినవానికిని చేతనగును. తప్పు దిద్దుటకు చదువుతోపాటు ఓర్పు కావలెను. తెలుగు పాఠశాలలలో చిరకాలముగా ఎఱిగిన ఈ భేదము నేడు కంప్యూటరు పాఠములందును కానవచ్చుచున్నది.

1972 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన 'సి' భాష నేటికిని మన కళాశాలలలో బోధింపబడుచున్నది. ఆ భాషలో ప్రోగ్రాము వ్రాయువాడు అవసరమునుబట్టి యంత్రము నడిగి తీసికొనిన మెమరీని, పని ముగిసిన పిమ్మట తానే తిరిగి యప్పగింపవలెను. అడుగుటకు 'మాలాక్' అనియు, అప్పగించుటకు 'ఫ్రీ' అనియు ఆజ్ఞలు కలవు. ఇది సత్రములో గదులు తీసికొనుట వంటిది. గదులు ఖాళీ చేయక పోవుచున్నచో సత్రము నిండిపోవును. ఖాళీ చేసిన పిమ్మట మారు తాళపుచెవితో తలుపు తెరచినచో, అప్పటికే అందులో మరియొకరు దిగి యుండవచ్చును. తీసికొన్న గదులకు మించి సామాను దింపినచో పొరుగువాని సొత్తు చెడును. జావా, పైథాన్ వంటి భాషలలో వాడుకలో లేని గదులను యంత్రమే కనిపెట్టి స్వాధీనము చేసికొనును. 'సి'లో ఆ భారము మనుష్యునిదే.

ఈ భారము చిన్నది కాదు. 2014 ఏప్రిలులో బయటపడిన 'హార్ట్‌బ్లీడ్' దోషమే ఇందుకు నిదర్శనము. ఎదుటివాడు చెప్పిన పొడవును సరిచూడకపోవుటవలన, ఒక్కొక్క పర్యాయమునకు 64 కిలోబైట్ల వరకు మెమరీలోని రహస్యములు బయటికి పోవుచుండెను. క్రోమ్ బ్రౌజరు నిర్మాతలు 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము, అందలి తీవ్రమైన భద్రతాదోషములలో సుమారు 70 శాతము మెమరీ వాడుకలోని పొరపాట్లే. కావున ఇచట నిక్కచ్చితనము అవసరము. దానిని ఛాందసమని త్రోసివేయరాదు.

అయినను నిక్కచ్చితనము వేరు, ఛాందసము వేరు. మొదటి సంవత్సరపు విద్యార్థి యొకడు 'రాముడు' అను మాటను మెమరీలో దాచదలచెననుకొనుడు. మూడక్షరములు గదా యని మూడు బైట్లు, మాట ముగిసినదని తెలుపు గుర్తుకు ఒకటి, వెరసి 4 బైట్లు అడిగెను. అడిగినదానికంటె కొంత యెక్కువ చోటు దొరకిన యంత్రముపై ప్రోగ్రాము నడచెను. మరియొక యంత్రముపై కూలెను. కారణ మేమని అడుగగా, తెలిసినవాడొకడు చూచి, "మాలాక్‌కు ముందు బ్రాకెట్లలో రకము పేరెందుకు వ్రాసితివి? ప్రమాణము చదువలేదా?" అని గద్దించెను.

ఆ మాట అసత్యము కాదు. 1989లో అమెరికా ప్రమాణము వెలువడిన నాటినుండి 'సి'లో అట్లు వ్రాయ నక్కరలేదు. కాని ప్రోగ్రాము కూలినది అందువలన కాదు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపి చిహ్నము ఒక్కొక్కటి 3 బైట్లు ఆక్రమించును. ర, దీర్ఘము, మ, కొమ్ము, డ, కొమ్ము – ఇవి 6 చిహ్నములు. వానికి 18 బైట్లు, ముగింపు గుర్తుతో 19. నాలుగు గదులు తీసికొని 19 గదుల సామాను దింపినవానికి, తలుపుమీది బోర్డు వ్రాత తప్పని చెప్పుటవలన ప్రయోజనమేమి?

ఆ బోర్డు నియమమునకును ఒక కారణము కలదు. మాలాక్ స్వరూపమును తెలుపు హెడర్ ఫైలును చేర్చుట మరచినచో, పాత కంపైలర్లు అది పూర్ణాంకము నిచ్చునని భావించెడివి. ముందు రకము వ్రాయుటచేత రావలసిన హెచ్చరికయు అణగిపోయెడిది. మెమరీ చిరునామా పూర్ణాంకముకంటె పెద్దదైన యంత్రములలో ఆ చిరునామా కొంత తెగిపోవచ్చును. 1999 నాటి ప్రమాణము అట్టి భావనకు తావు లేకుండ చేసెను. ఈ నాలుగు మాటలు చెప్పినచో విద్యార్థికి నియమము జ్ఞాపకముండును. గద్దింపు మాత్రమే విన్నవానికి అవమానము జ్ఞాపకముండును.

అరసున్న లేదని వ్యాసమునంతను ఎఱ్ఱసిరాతో కొట్టివేసిన పండితులు వెనుక ఉండిరి. ఒకప్పటి నిండుసున్న జారిపోగా మిగిలిన జాడయే అరసున్న యని, 'వాండు' నుండి 'వాఁడు' వచ్చిన త్రోవ చూపిన గురువులును ఉండిరి. ఇరువురును తెలిసినవారే. విద్యార్థికి భాషపై మక్కువ కలిగించినది మాత్రము రెండవవారే.

అవమానపడిన విద్యార్థి తప్పులు చేయుట మానడు, అడుగుట మానును. అతడు రేపు వ్రాయబోవు ప్రోగ్రాములు బ్యాంకులలోను, ఆసుపత్రులలోను నడువవలసియున్నవి. తరగతిలో అడుగని ప్రశ్న అక్కడ దోషమై దాగియుండును. కావున ఉపాధ్యాయుడు ముందుగా ప్రోగ్రాము కూలిన చోటు చూపవలెను, కారణము చెప్పవలెను, వ్రాతతీరులోని లోపములను ఆ పిమ్మట దిద్దవలెను. ముందు గదుల లెక్క సరిపడవలెను. బోర్డు సంగతి తరువాత చూచుకొనవచ్చును.