తలుపు ఎవరు వేశారు?

మా మేనల్లుడికి శంషాబాదులో సరుకు కాగితాల ఆఫీసు వుంది. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు అటు తరలిపోయాక వెలిసిన చిన్న గదుల్లో అదొకటి. మొన్న మా చెల్లెలింటికి భోజనానికి పోతూ, దారిలో వాణ్ణి పలకరిద్దామని ఆగి, అక్కడే ఇరుక్కుపోయాను.

మందుల పెట్టెల ఇన్‌వాయిసులన్నీ ఆఫీసు పెట్టిననాటి పాత కంప్యూటరులో వున్నాయి. గుమాస్తా వాడేది చెడిపోతే ఆ పూటే కొత్తది కొన్నారు. అందులోంచి పాతదాని ఫోల్డరు తెరవబోతే తెరుచుకోదు! బయట లారీ. "వైరు తెగిందండీ" అన్నాడు గుమాస్తా. "మీ పాతది చచ్చింది సార్" అన్నాడు ఫోనులో అమ్మిన కుర్రవాడు. మావాడు రెండింటినీ మూడుసార్లు ఆపి వేశాడు. పూర్వం మనం రేడియో నెత్తిన చరిచేవాళ్లం. ఇదీ అదే వైద్యం.

చివరికి పక్క గది అమ్మాయి వచ్చింది. వైర్ల జోలికే పోలేదు. "ముందు రెండూ ఏం మాట్లాడుకుంటున్నాయో చూద్దాం బాబాయిగారూ" అంటూ కొత్తదానిలో వైర్‌షార్క్ అనే ఉచిత ప్రోగ్రాము ఎక్కించింది. 1998లో జెరాల్డ్ కూంబ్స్ అనే ఆయన ఈథరియల్ పేరుతో విడుదల చేశాడట. 2006లో పేరు మారింది. కంప్యూటరు పంపే ప్రతి ప్యాకెట్టునూ, దానికి వచ్చే ప్రతి ప్యాకెట్టునూ పట్టి వరుసగా చూపిస్తుంది. నాకు కార్డులన్నీ చదివే మా వూరి పోస్టుమాస్టరు గుర్తొచ్చాడు. అనుమతి లేనిచోట ఈ పని తప్పని ఆ అమ్మాయే చెప్పింది లెండి.

వేల వరుసల్లోంచి 445 నంబరు ద్వారానివి మాత్రం ఏరింది. ఫైళ్లు పంచుకునే దారి అదే. కొత్తది తలుపు తట్టింది. పాతది పలికింది. కొత్తది సరేనంది. అంటే వైరు బాగున్నట్టే, పాతది బతికున్నట్టే! తరువాత కొత్తది తనకు వచ్చిన భాషల జాబితా పంపింది. వెంటనే ఒక ఎర్ర వరుస: పాతది తలుపు మూసేసింది. దానికి వచ్చిన ఒకే ఒక్క భాష, ఎస్‌ఎంబీ మొదటి రకం, ఆ జాబితాలో లేదు.

"అయితే ఆ భాష దీనికీ నేర్పెయ్యి తల్లీ, లారీ పోతుంది" అన్నాను.

"రెండు నిమిషాల పనే. కాని 2017 మేలో వానాక్రై పురుగు దూరింది దానిలోని లొసుగు పట్టుకునే. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. అసలు ఈ పాతదాన్ని అట్టే పెట్టుకోవడమే ప్రమాదం."

మావాడు లారీ వంక చూశాడు, గడియారం వంక చూశాడు. నోరెత్తకుండా పెన్‌డ్రైవ్ తీసి పాతదానికి గుచ్చాడు. అన్నీ ఎక్కడానికి గంట పట్టింది. లారీ కదిలేసరికి పదకొండు.

పాతదాన్ని మర్నాడే అటకెక్కించాడు. మా చెల్లెలు మాత్రం అన్నం చల్లారిందని నన్నే కోప్పడింది.