మట్టికి బాకీ పడ్డాం

నేలంటే మాకు గజం ధర. హైటెక్ సిటీలో, గచ్చిబౌలిలో, కొండాపూర్‌లో ఐటీ ఉద్యోగాలు చేసుకుంటూ ఫ్లాట్లు కొనుక్కున్న మా తరం మట్టి గురించి మాట్లాడిందల్లా అంతే. ఆ మట్టిలో ఏం కలిసిందని అడగలేదు. ఈ తప్పు ఏ ఒక్కరిదో కాదు, మా అందరిదీ.

ఔటర్ రింగ్ రోడ్డెక్కితే కాసేపట్లో పటాన్‌చెరు వస్తుంది. ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి పొలాలు పాడవుతున్నాయని 1990లోనే ఒక స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టుకెక్కింది. అక్కడి నేలలో క్రోమియం, నికెల్, సీసం, ఆర్సెనిక్ పేరుకున్నాయని 2001లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు పరిశోధన పత్రం ప్రచురించారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారాన్ని తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో చేర్చింది. ఇందులో ఏదీ దాచిపెట్టిన సంగతి కాదు. మాకే పట్టలేదు.

ఇంకా సిగ్గుపడాల్సిందేమిటంటే, విరుగుడు తెలిసినవాళ్లూ మా పక్కనే ఉన్నారు. గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ ఎం.ఎన్.వి. ప్రసాద్ మొక్కలతో నేలను శుద్ధి చేయడం మీద దశాబ్దాల పాటు పనిచేశారు. అందుకు నేలలోని బ్యాక్టీరియా ఎలా తోడ్పడుతుందో వివరిస్తూ రాజ్‌కుమార్, హెలెనా ఫ్రైటాస్ తదితర శాస్త్రవేత్తలతో కలిసి 2010లో ఒక పరిశోధన పత్రం రాశారు.

ఆవ మొక్కనే తీసుకోండి. లోహాలను పీల్చి కాండంలో, ఆకుల్లో దాచుకునే గుణం దానికుంది. కానీ నేలలో లోహం మట్టి రేణువులను గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది, వేరుకు అందదు. వేరు చుట్టూ బతికే కొన్ని బ్యాక్టీరియాలు ఇనుము కోసం సిడెరోఫోర్లనే పదార్థాలు వదులుతాయి. అవి ఇతర లోహాలనూ పట్టుకుని కరిగే రూపంలోకి తెస్తాయి. మరికొన్ని, విషం తగిలిన మొక్కలో పెరిగే ఇథిలీన్ అనే హార్మోన్‌ను తగ్గిస్తాయి. దాంతో వేరు గిడసబారకుండా సాగుతుంది. లోహం మూలకం కాబట్టి ఏ సూక్ష్మజీవీ దాన్ని అరిగించుకోలేదు. అందుకే మొక్కలను కోసి, పశువుల నోట పడకుండా, బయట తగలబెట్టకుండా, ప్రమాదకర వ్యర్థంగానే తరలించాలి. మళ్లీ విత్తాలి. ఇలా ఏళ్ల తరబడి.

ఆ ఏళ్ల దగ్గరే మేము ఓడిపోయాం. మూడు నెలలకోసారి లెక్క చూసుకోవడానికి అలవాటుపడ్డవాళ్లం. లాభాల్లో రెండు శాతం సమాజం కోసం ఖర్చుపెట్టమని 2013 కంపెనీల చట్టం చెబితే, పర్యావరణ దినమని జూన్ 5న కంపెనీ టీషర్టులు వేసుకుని, నల్ల ప్లాస్టిక్ సంచుల్లోని మొక్కలు పట్టుకుని ఫొటోలు దిగాం. గుంత తవ్విన మట్టిని పరీక్ష చేయించాలని ఎవరికీ తోచలేదు. పాత కంప్యూటర్లను తుక్కుకు వేసేటప్పుడు వాటి సోల్డర్‌లోని సీసం ఎక్కడికి చేరుతుందని అడగలేదు. యూనివర్సిటీని ఆనుకున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి యంత్రాలు దిగితే అడ్డు నిలబడింది విద్యార్థులు. 2025 ఏప్రిల్ 3న పనులు ఆపమన్నది సుప్రీంకోర్టు. అక్కడ ఐటీ పార్కులు రావాల్సింది మా పేరు చెప్పే.

తప్పు ఒప్పుకున్నంత మాత్రాన బాకీ తీరదు. ఆ రెండు శాతంలో కొంత, పదేళ్లకు తగ్గకుండా, పటాన్‌చెరు పొలాలకు ఇమ్మని మా కంపెనీలను మేమే అడగాలి. ఏటా మట్టి పరీక్ష, ఆ నేలకు తగిన మొక్క, అక్కడి విషాన్ని తట్టుకుని బతికిన బ్యాక్టీరియా, కోసినదాన్ని భద్రంగా తరలించే ఏర్పాటు, అన్నాళ్లూ తిండిగింజలు పండించుకోలేని రైతుకు ఎకరానికింత అని పరిహారం. ఇవి అడగడానికి శాస్త్రవేత్తలం కానక్కర్లేదు. జీతం పెంచమని అడిగే గొంతు చాలు, అది మాకుంది.