ఇంకా ఉంది

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఏటా క్రమశిక్షణ మీదా, సమయపాలన మీదా వ్యాసాలు వస్తాయి. అవి రాసిన వాళ్లలో మేమూ ఉన్నాం. ఈసారి మాత్రం ఒక రేకు పెట్టె గురించి రాస్తున్నాం. అందులో కొంచెం కోపం కూడా ఉంది. పెద్దలు మన్నించాలి.

2015లో మేము ఎనిమిదో తరగతి. కథలాపూర్, మెట్‌పల్లి, ఇబ్రహీంపట్నం ఊళ్ల నుంచి కోరుట్లకు వచ్చిన వాళ్లం. ఒక పూర్వ విద్యార్థి అన్న పెట్టెడు పాత చందమామలు తెచ్చి ఇచ్చాడు. అందరికీ ఒకేసారి ఇస్తే చింపుతారని ట్యూటర్ సారు ఒక నియమం పెట్టిండు. ఆదివారానికి ఒక్క సంచిక. ఒకరు చదవాలి, మిగతా వాళ్లు వినాలి. స్నానాలు, బట్టలుతుకుడు అయినంక డార్మిటరీలో పరుపులు ఒకచోటికి జరిపి కూర్చునేది. బేతాళ కథ ఆఖరుకు, ముందు 'రాకాసిలోయ'. కేశవుడు, జయమల్లు ఏ ఆపదలో చిక్కుకున్నారో అక్కడ ఆగిపోయి, కింద 'ఇంకా ఉంది' అని ఉండేది. ఆ మాట చదివిన వాడిని మేము తిట్టేది. పాపం వాడేం చేస్తాడు!

వారమంతా అదే ముచ్చట. బ్రహ్మదండి మాంత్రికుడు ఏం చేయబోతున్నాడో మెస్ లైన్‌లో పందేలు. పందెం గుడ్డు. గుడ్డు పెట్టే రోజున ఓడిపోయిన వాడి ముఖం చూడాలి.

అసలు సంగతి ఏమిటంటే, ఆ పెట్టెలో అన్ని సంచికలూ లేవు. మధ్యలో కొన్ని నెలలవి పోయినయి. పోయిన నెల వచ్చినప్పుడు సారు నవ్వి, "ఈ ఆదివారం మీరే చెప్పండి" అన్నడు. మొదట ఎవరికీ నోరు రాలేదు. తర్వాత ఆపడం కష్టమైంది. తర్వాతి సంచికలో కథకు ముందు, జరిగిన కథ చిన్న అక్షరాల్లో నాలుగు వాక్యాలు ఉండేది. దాన్ని పట్టుకుని వెనక్కి నడిచి, మధ్యలో ఏం జరిగి ఉంటుందో అల్లేది. తెలుగు వాచకం పాఠం అప్పజెప్పలేక బెంచీ ఎక్కిన వాళ్లమే గంటసేపు కథ చెప్పినం. మాలో ఇవాళ ఎవరైనా నలుగురి ముందు నిలబడి మాట్లాడగలుగుతున్నామంటే ఆ పోయిన సంచికల పుణ్యమే. నిండు పెట్టె వచ్చి ఉంటే వినేవాళ్లుగానే మిగిలేవాళ్లమేమో.

తొమ్మిదో తరగతి సెలవుల తర్వాత వచ్చి చూస్తే పెట్టె లేదు. సున్నాలు వేసేటప్పుడు చిత్తు కాగితాల కింద తూకానికి పోయిందన్నారు. ఎవరినీ పేరు పెట్టి అనం. ఎన్ని కిలోలు తూగిందో మాత్రం ఇప్పటికీ తెలుసుకోవాలని ఉంది. కథ 'ఇంకా ఉంది' దగ్గరే ఉండిపోయింది. కొత్త సంచిక ఎప్పుడు వస్తుందని బస్టాండు దుకాణంలో అడిగేది. 1947 జూలైలో మద్రాసులో మొదలైన ఆ పత్రిక మేము అడిగేనాటికే ఆగిపోయిందని మాకు తెలియదు.

పీజీలో చేరినంక హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో 'రాకాసిలోయ' పుస్తకంగా కనిపించింది. తలా కొంత వేసుకుని కొన్నాం, రెండు రాత్రుల్లో అయిపోయింది. నిజం చెప్పాలంటే కొంచెం నిరాశే. మేమల్లిన భాగాలు అందులో లేవు కదా! కానీ అట్ట మీద ఒక పేరు ఉంది: దాసరి సుబ్రహ్మణ్యం. ఎవరీయన అని ఆరా తీస్తే తెలిసింది. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి పన్నెండు సీరియళ్లు రాశాడు. పత్రికలో ఒక్కదానికీ ఆయన పేరు వేయలేదు. 2010లో చనిపోయాడు. అంటే మేము గుడ్లు పందెం కాసే నాటికే ఆయన లేడు. బొమ్మల మీద 'చిత్ర' అన్న సంతకం ఉండేది గనుక బొమ్మలు వేసినాయన మాకు తెలుసు. కథ రాసినాయన తెలియదు.

ఇది మమ్మల్ని ఎందుకు పట్టుకుందంటే, మా అవ్వలు బీడీలు చేస్తారు. చాట ఒళ్లో పెట్టుకుని, ఆకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి, రోజంతా. కట్ట మీద కార్ఖానా లేబుల్ ఉంటుంది, చేసిన చేయి పేరు ఉండదు. పత్రిక అందరిదీ, పేరెందుకు అన్న వాదం ఉంది. పని మీద గౌరవంతోనే అలా నడిపి ఉంటారు, కాదనం. కానీ ఆ వాదం మాకు ఎక్కదు. పేరు తెలిసి ఉంటే ఒక ఉత్తరమైనా రాసేవాళ్లం అన్న బాధ, మాకంటే ముందు చదివిన వాళ్లలో ఎందరికి మిగిలిందో!

అమెరికాలో 1961లో ఫెంటాస్టిక్ ఫోర్, 1962లో స్పైడర్‌మాన్ మొదలైనప్పుడు మార్వెల్ వాళ్లు రాసినవాడి పేరు, గీసినవాడి పేరే కాదు, బుడగల్లో అక్షరాలు రాసినవాడి పేరు కూడా మొదటి పేజీలో వేయడం అలవాటు చేశారు. ఎవరి వాటా ఎంత అని అక్కడా కొట్లాటలు జరిగాయి, అది వేరే కథ. క్రిస్ క్లేర్‌మాంట్ అనే ఆయన 1975 నుంచి 1991 దాకా ఎక్స్‌మెన్ కథను సంచిక తర్వాత సంచికగా రాస్తూ పోయాడు. మొదట్లో కొన్న పిల్లలు ఆఖరుకు పిల్లల తండ్రులై ఉంటారు.

ఇప్పటి తమ్ముళ్లకు ఆ వీరులందరూ తెలుసు. ఎండ్‌గేమ్‌లో ఎవరు చనిపోతారో సినిమా చూడకముందే ఫోన్ ముక్కల్లో చూసేశారు. వాళ్లను తిట్టే వ్యాసం కాదిది. మేమూ చూస్తాం. కానీ ముగింపు ముందే చేతికి వస్తే పందెం ఏం కాస్తారు? చందమామలోనూ లోటు లేదని కాదు. రాజులు, మంత్రులు ఎక్కువ, మన వాడల పిల్లలు వీరులైన కథలు వెతుక్కోవాలి. అందుకే మళ్లీ అదే తెప్పించమనడం లేదు.

మన హాస్టల్‌లో నెలకొక రాత పత్రిక నడపాలి. అందులో ఒకే సీరియల్, నెలకొక భాగం, భాగానికొకరు. రాసినవాడు, బొమ్మ వేసినవాడు, సూది దారంతో కుట్టినవాడు, అందరి పేర్లూ అట్ట మీదనే. పాతవి వరుస నంబర్లతో బీరువాలో తాళం వేసి ఉండాలి, సున్నాల కాలంలో సహా. కాగితాల ఖర్చు మాది. అన్నల్లో ఎవరైనా బీరువా ఇప్పిస్తే సంతోషం.

మొదటి భాగం రాసి ట్యూటర్ సారు చేతికిచ్చాం. కథ కోరుట్ల బస్టాండులో మొదలవుతుంది. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు రేకు పెట్టె వెతుక్కుంటూ చిత్తు కాగితాల దుకాణంలోకి పోతాడు, వెనక షట్టర్ పడుతుంది. రెండో భాగం ఎవరు రాస్తారో ఈ ఆదివారంలోగా పేరు ఇవ్వండి.