కాటా ఎక్కుతున్న కందిళ్ళు

దేవరకొండ: స్టీలు గిన్నెలవాడు ఊళ్ళోకి వచ్చాడంటే అటకల మీది పాత సామాను కిందికి దిగుతుంది. చెంబులు, గంగాళాలతో పాటు దీపపు సెమ్మెలు, రేకు కందిళ్ళు, ఒకప్పుడు పెళ్ళిళ్ళకు కిరాయికి తిప్పిన పెట్రోమాక్స్ లైట్లు కూడా కాటా ఎక్కుతున్నాయి. కాటా దగ్గర ఇత్తడి ఎంత, ఇనుము ఎంత అన్నదే లెక్క. అదే వస్తువుకు అమెరికాలో, జర్మనీలో పాత దీపాలు సేకరించేవాళ్ళు కంపెనీ పేరు, తయారైన ఏడు చూసి ధర కడతారు. ఈ రెండు లెక్కలకు నడుమ ఉన్న లాభంలో పల్లెకు పైసా దక్కడం లేదు. పైగా ఇందులో చట్టపు చిక్కు ఉంది. అది పార్శిల్ మీద సంతకం పెట్టినవాడి మెడకే చుట్టుకుంటుంది.

ఊరి సరుకు ముందు మండల కేంద్రంలోని తుక్కు కొట్టుకు, అక్కడి నుంచి హైదరాబాదుకు పోతుంది. చాలా భాగం కరిగిపోతుంది. కంటికి ఆనినవి ఏరి పురానాపూల్ దగ్గరి జుమ్మెరాత్ బజారులోనో, బొంబాయి చోర్ బజారులోనో పెడతారు. విదేశీ గిరాకీ తెలిసినవాడు అక్కడ కొంటాడు.

మా ఇంట్లోనే నానమ్మ వాడిన కందిలి నా చిన్నతనంలో ఒక స్టీలు బిందె కింద పోయింది. దాని మీద మంట పట్టిన చెయ్యి బొమ్మ ఉండేది. అది జర్మనీ కంపెనీ ఫ్యూయర్‌హాండ్ గుర్తు అని ఈ మధ్యనే తెలిసింది. కందిలి గాజును మాత్రం ఆ వచ్చినవాడు తీసుకోలేదు, తూకానికి పనికి రాదని. దాన్ని పెంటకుప్ప మీద వేశాం. కంపెనీ పేరు పోతపోసిన అసలు గాజు దొరకడమే కష్టమని, పగలకుండా ఉంటే దానికే వేరుగా ధర వస్తుందని అప్పుడు మాకు చెప్పినవారు లేరు.

కాబట్టి అమ్మేముందు మసి తుడిచి పేరు చదవాలి. డీట్జ్ అని ఉంటే అది 1840లో న్యూయార్కులో మొదలైన కంపెనీ. ప్రభాకర్ అని ఉంటే మహారాష్ట్రలోని ఓగలేవాడి సరుకు. పశ్చిమ జర్మనీ అని ఉన్నది రెండో ప్రపంచ యుద్ధం తరువాతిదే. తుడవడమంటే చింతపండు, బూడిద పెట్టి తోమడం కాదు. పండుగకు తోమినట్టు తళతళలాడిస్తే మనకు ముచ్చట. సేకరించేవాడికి మాత్రం ఆ పాత రంగే కావాలి. కొత్త ఇత్తడి దీపాలు ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాదు నుంచి విదేశాలకు బోలెడు పోతున్నాయి. పాతవాటిలా కనిపించేట్టు చేసినవీ వాటిలో ఉంటాయి. అందుకే కొనేవాడికి మెరుపు చూస్తే అనుమానం.

ఇక చట్టం సంగతి. పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972లో వచ్చింది, 1976 ఏప్రిల్ 5 నుంచి అమలులో ఉంది. పూర్వకాలపు కళలను, వృత్తులను, ఆచారాలను తెలిపే వస్తువుకు నూరేళ్ళు నిండితే అది పురావస్తువు. దాన్ని కేంద్ర ప్రభుత్వం గానీ, అది అనుమతించిన సంస్థ గానీ తప్ప ఇంకెవరూ దేశం దాటించరాదు. దాటిస్తే ఆరు నెలలకు తక్కువ కాకుండా మూడేళ్ళ వరకు జైలు, జరిమానా. వస్తువు పురావస్తువా కాదా అన్న వివాదం వస్తే భారత పురావస్తు సర్వే చెప్పిందే ఆఖరు మాట.

ఈ నూరేళ్ళ గీత ఏటా ముందుకు జరుగుతుంది. ఇవాళ 99 ఏళ్ళున్న కందిలిని పంపవచ్చు, వచ్చే ఏడు అదే కందిలిని పంపితే నేరం. రైలు లాంతర్లనే చూడండి. భువనగిరి, ఆలేరుల మీదుగా పోయే లైను 1889లో బెజవాడ చేరింది. గద్వాల వైపు మీటరుగేజీ లైను తరువాత వచ్చింది. రెండూ నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీవి. 1930లో నిజాం సర్కారు ఆ కంపెనీని కొనేసింది. అంటే కంపెనీ కాలపు లాంతరు ఏది ఎక్కడ దొరికినా 2030 నాటికి నూరేళ్ళు నిండినట్టే. పైగా రైల్వే అక్షరాలు కొట్టి ఉన్న వస్తువుకు వేలంలో కొన్న కాగితం లేకపోతే 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం కింద వేరే కేసు పడవచ్చు.

గుడి దీపాల జోలికి అసలే పోవద్దు. అవి ఊరి సొత్తు. ఎవరో ఒకరు తీసి అమ్మేసేవి కావు. ప్రకాశం జిల్లా చందవరం నుంచి చోరీ అయిన బౌద్ధ శిల్పం ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాకా పోయి కూడా 2016లో తిరిగి వచ్చింది.

నూరేళ్ళు నిండని వస్తువును పంపడంలో తప్పు లేదు. అయితే కస్టమ్స్‌వారు ఆపితే అది పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ చూపాలి. అచ్చంపేట పల్లెలోని రైతు ఒక రేకు కందిలి కోసం ఆ ఆఫీసు చుట్టూ తిరగగలడా? తిరగలేడు గనుకనే వ్యాపారం పెద్ద షావుకార్ల చేతిలో ఉండిపోయింది. నల్గొండ పక్కన పానగల్లులో, మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రిలో పురావస్తు మ్యూజియాలు ఉన్నాయి. అవి రాష్ట్ర శాఖవి, సర్టిఫికెట్ ఇచ్చేది కేంద్రం. అయినా నెలకు ఒకరోజు వస్తువులు చూసి వయసు చెప్పే ఏర్పాటు అక్కడ చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

పంపే దారి కొంత సులువైంది. ఎగుమతి పార్శిళ్ళ కోసం తపాలా శాఖ 2022 నుంచి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు తెరిచింది. ఎగుమతిదారు కోడ్ నంబరు ముందుగా తీసుకోవాలి. అయితే 800 డాలర్లలోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. దానివల్ల ఆగస్టు 25 నుంచి మన తపాలా శాఖ ఆ దేశానికి పార్శిళ్ళు ఆపింది. అక్టోబరు 15న మళ్ళీ మొదలుపెట్టింది, సుంకం ఇక్కడే ముందుగా కట్టించుకునే పద్ధతిలో. రేట్లు ఆ తరువాత కూడా మారాయి గనుక, కొనేవాడికి ధర చెప్పేముందే తపాలా ఆఫీసులో అడగాలి.

కిరోసిన్ వాసన ఉన్న దీపాన్ని విమానం ఎక్కించరు. ట్యాంకు ఖాళీ చేసి, వత్తి తీసేసి, సబ్బునీళ్ళతో కడిగి, వాసన పోయేదాకా మూత తీసి ఎండలో పెట్టాలి. గాజును కందిలిలో ఉంచి పంపితే దారిలోనే పగులుతుంది. దానికి వేరే పెట్టె కట్టాలి.