ఒపినెల్ భక్తులకొక విన్నపం

మిత్రులొకరు ఇటీవల మా ఇంటికి వచ్చి, బల్లమీద పడివున్న నా ఎర్రపిడి స్విస్ చాకును చూపుడువేలితో పక్కకు నెట్టి, తమ జేబులోనుంచి ఒక ఒపినెల్ తీసి ఆ స్థానంలో ఉంచారు. "కత్తి అంటే ఇదీ. అది ఆటబొమ్మ" అని తీర్పు చెప్పారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖాన కనిపించిన తృప్తిని అంతకుముందెక్కడో చూసినట్టనిపించింది. కాసేపటికి గుర్తుకొచ్చింది. పల్లెటూరిలో ఒక్క వానాకాలమైనా గడపకుండా పల్లెమీద కవిత్వం రాసేవారి ముఖాల్లో చూశాను.

ఆ పూట ఆయనకు కాఫీ ఇచ్చి మర్యాదగా సాగనంపాను. జవాబు ఇప్పుడు చెబుతున్నాను. ఆయన ఒక్కరికే అయితే ఫోనులోనే చెప్పి ఊరుకునేవాణ్ణి. కాని ఇటువంటి భక్తులు నానాటికీ పెరుగుతున్నారు.

ముందుగా, చూడనివారి కోసం రెండు చాకులనూ పరిచయం చేస్తాను. ఒపినెల్ ఫ్రాన్సు దేశపు సవోయ్ కొండప్రాంతంలో పుట్టింది. దానిలో బాగా వాడుకలో ఉన్నది 8వ నంబరు. గుండ్రని బీచ్ చెక్క పిడి, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల పలుచని కర్బనపు ఉక్కు అలుగు, పిడి మొదట్లో తిప్పితే బిగిసే ఒక లోహపు కడియం. అంతే. రెండవది స్విట్జర్లాండులోని ఈబాఖ్ గ్రామంలో తయారయ్యే విక్టోరినాక్స్ వారి స్పార్టన్. మూస్తే తొమ్మిది సెంటీమీటర్ల పైచిలుకు పొడవు. అందులో ఒక పెద్ద అలుగు, ఒక చిన్న అలుగు, డబ్బామూత కోసేది, సీసామూత తీసేది, బిరడా లాగే మరమేకు, చెప్పులు కుట్టేవారి ఆరె వంటి మొన, పిడిలో దాగిన పట్టకారు, పుల్ల. స్క్రూలు తిప్పే పలకలు ఆ మూతతీసే సాధనాల కొసలలోనే ఉన్నాయి. ఉక్కు తుప్పుపట్టని రకం. తెరిచిన అలుగును స్ప్రింగు ఆపి ఉంచుతుందే తప్ప బిగించే లాకు లేదు.

మా మిత్రుని మొదటి వాదం చరిత్రకు సంబంధించింది. ఒపినెల్ రైతు కత్తి అట, చేతిపనివాని సృష్టి అట. స్విస్ చాకు కర్మాగారపు సరుకట, పర్యాటకులు కొనుక్కుపోయే జ్ఞాపిక అట. నిజానికి ఈ రెండూ ఇంచుమించు కవలలు. జోసెఫ్ ఒపినెల్ తన చాకును రూపొందించింది 1890లో. కార్ల్ ఎల్సెనర్ స్విస్ సైన్యానికి చాకులు అందించడం మొదలుపెట్టింది 1891లో. 1897లో ఒపినెల్ తన చాకులను 1 నుంచి 12 వరకు నంబర్లుగా ఏర్పరచాడు. అదే 1897లో ఎల్సెనర్ తన అధికారుల చాకుకు చట్టపరమైన రక్షణ పొందాడు. 1909లో ఒపినెల్ కిరీటం పెట్టిన చేతిని తన ముద్రగా నమోదు చేయించాడు. అదే ఏడు ఎల్సెనర్ తల్లి మరణించగా, ఆమె పేరు విక్టోరియాను తన సరుకుకు పెట్టుకున్నాడు. తుప్పుపట్టని ఉక్కును సూచించే 'ఇనాక్స్' దానికి తోడయింది 1921లో. ఇక చేతిపని సంగతి. పిడులను పెద్దసంఖ్యలో తయారుచేయడానికి యంత్రాన్ని సమకూర్చుకున్నవాడు జోసెఫ్ ఒపినెలే. అది ఆయనకు తలవంపు కాదు, ఆయన ప్రతిభ. యంత్రం లేకపోతే ఆ చాకు అంత చౌకగా అంతమంది రైతుల జేబుల్లోకి చేరేది కాదు. యంత్రం చేసిన మేలును అనుభవిస్తూ, యంత్రం లేనట్టు నటించడం భక్తుల పని.

'ఆటబొమ్మ' అన్న మాటకూ ఇక్కడే సమాధానముంది. ఆ సాధనాలు వినోదం కోసం చేర్చినవి కావు. 1889 నాటి కొత్త తుపాకిని విప్పి శుభ్రం చేయడానికి స్విస్ సైనికునికి స్క్రూ తిప్పే సాధనం కావలసివచ్చింది. డబ్బాలలో వచ్చే ఆహారాన్ని తెరవడానికి మరొకటి కావలసివచ్చింది. రెండింటినీ కత్తితో, ఆరెతో కలిపి ఒక్క పిడిలో ఇమిడ్చారు. అవసరం తరువాతనే అలుగు వచ్చింది. బిరడా తీసే మరమేకు మా ఇంట ఒక్కనాడూ ద్రాక్షసారాయిని చూడలేదు. తడిసి బిగిసిన తాడుముడులను మాత్రం లెక్కలేనన్ని విప్పింది.

ఇప్పుడు నిజాయితీగా ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. కోతలో ఒపినెల్‌దే పైచేయి. పలుచని ఆ అలుగు మామిడిపండు చెక్కలోకి దిగే తీరు చూసితీరవలసిందే. ఆ గుండ్రని పిడి అరచేతిలో ఇమిడినట్టుగా స్విస్ చాకు చదునుపిడి ఇమడదు. అరగంటసేపు చెక్క చెక్కాలంటే నేను కూడా ఒపినెల్‌నే తీసుకుంటాను. చూడ్డానికి కూడా అదే అందమైనది. 1985లో లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ప్రపంచంలోని అతి సుందరమైన నూరు వస్తువుల వరుసలో దానికి చోటిచ్చిందంటే నేనేమీ ఆశ్చర్యపోను.

కాని మా మధ్య వివాదం ఏది బాగా కోస్తుందన్నది కాదు. ఏది నిత్యం జేబులో ఉండదగినదన్నది. ఈ రెండు ప్రశ్నలూ ఒకటేనని భ్రమించడంలోనే భక్తుల తర్కమంతా ఉంది. వంటింటి కత్తిని మనం పని కోసం చేతిలోకి తీసుకుంటాం. జేబుచాకును అలా తీసుకోము. పొద్దున్న వేసుకుని, సాయంత్రం దాకా మరచిపోతాం. మరుపే దాని సహజస్థితి. కనుక జేబుచాకును తూచవలసింది మనం శ్రద్ధగా ఉన్న రోజున కాదు, దాన్ని పట్టించుకోని రోజున. నా వాదమంతా ఈ ఒక్క వాక్యమే.

ఈ తూకంలో ముందు ఉక్కును పెట్టండి. ఒపినెల్ కర్బనపు ఉక్కులో సుమారు 0.9 శాతం కర్బనం ఉంటుంది, తుప్పును ఆపగలిగేంత క్రోమియం ఉండదు. స్విస్ చాకు ఉక్కులో కర్బనం అరశాతం చుట్టూ, క్రోమియం పదిహేను శాతం దరిదాపుల్లో ఉంటాయి. ఆ క్రోమియం గాలి తగిలినంతనే కంటికి కనపడని పలుచని పొరగా ఏర్పడి ఇనుమును కాపాడుతుంది. గీత పడితే ఆ పొర తనంతట తానే తిరిగి ఏర్పడుతుంది. సవోయ్ చలికొండల్లో ఈ తేడా కొంచెమే కావచ్చు. కోస్తాలో మే నెల ఉక్కపోతలో, ఉప్పుచెమటతో తడిసిన చొక్కాజేబులో, కొంచెం కాదు. పుల్లమామిడికాయ ఒక్కటి కోసి తుడవకుండా మడిచిపెట్టండి. సాయంత్రానికి అలుగు నల్లబడుతుంది, రెండవ కాయ ముక్కలకు ఇనుపవాసన అంటుతుంది. కర్బనపు ఉక్కు త్వరగా పదునెక్కుతుందన్న మాట నిజమే. అయితే స్విస్ ఉక్కు కూడా మరీ గట్టిది కాదు. పింగాణీ కప్పును బోర్లించి, అడుగున ఉండే గరుకు అంచుమీద నాలుగుసార్లు రాస్తే దానికీ పదును వస్తుంది.

ఇక్కడ మిత్రులు తమ బ్రహ్మాస్త్రం తీశారు. "మన నాయనమ్మల కత్తిపీటలు కర్బనపు ఇనుము కావా? తరతరాలు నిలవలేదా?" అన్నారు. నిలిచాయి. ఎందుకు నిలిచాయో కూడా అడగాలి. మా నాయనమ్మ కత్తిపీట అలుగు సగం అరిగినా ఒక్క తుప్పుమచ్చ లేకుండా ఉండేది. కూర తరిగిన ప్రతిసారీ ఆవిడ దాన్ని కడిగి, పాతపంచె పేలికతో తుడిచి, పొయ్యి పక్కన పొడిగా ఉండే మూలలో గోడకు ఆనించేది. రోజుకు మూడుసార్లు, అరవై ఏళ్ళు. మా తాతయ్య కాని, నాన్న కాని ఆ పేలికను తాకగా నేను చూడలేదు. ఆ ఇనుము మెరిసిందంటే ఒక మనిషి చేయి దానివెనుక తీరిక లేకుండా పనిచేసింది. ఆ శ్రమను కనపడకుండా చేసి, మెరుపును మాత్రం 'మన సంప్రదాయం' అని జేబులో వేసుకోవడం నాకు సహించదు. తుప్పుపట్టని ఉక్కు వచ్చాక వంటిళ్ళలో తగ్గిన పనులు ఎవరివో, వాటిని చేసినవారిని అడిగి చూడండి. ఇనుముమీద ఇంత మమకారం వారి నోట నేను వినలేదు.

ఇక చెక్క. "అయితే తుప్పుపట్టని అలుగున్న ఒపినెల్ కూడా దొరుకుతుంది కదా" అంటారు. దొరుకుతుంది. అలుగు మారుతుంది, పిడి మారదు. చెక్క నీరు తాగుతుంది, ఉబ్బుతుంది, గాడిలో ఉన్న అలుగును రెండువైపులనుంచీ కరిచి పట్టుకుంటుంది. ఈ సంగతి తయారైన ఊళ్ళోనే అందరికీ తెలుసు. పిడి వెనుకకొసను బల్లమీద కొట్టి, బిగిసిన అలుగును కాస్త బయటికి రప్పించే ఉపాయానికి అక్కడ 'సవోయ్ వాని దెబ్బ' అన్న పేరే ఉంది. పేరు పెట్టేంతటి అలవాటైన దెబ్బ అన్నమాట.

చెక్క సంగతి నాకు ఎలా తెలిసిందో చెప్పాలి. కొన్నేళ్ళ కిందటి మాట. అప్పుడు నా జేబులో ఉన్నది ఈ రెండింటిలో ఏదీ కాదు. తిరునాళ్ళలో కొన్న, ఏ పేరూ లేని చెక్కపిడి మడతచాకు. కాకినాడలో మూడు రోజులుగా ముసురు. నా ముందు పోతున్న మోటారుసైకిలు ఉన్నట్టుండి ఆగింది. వెనక కూర్చున్న అమ్మాయి చున్నీ చక్రంలో చుట్టుకుపోయి, ఆమె మెడ వెనక్కి విరుచుకుపోయింది. బండి నడుపుతున్న కుర్రవాడు చక్రాన్ని వెనక్కి తిప్పబోతున్నాడు, అది తిరగడం లేదు. నేను పరుగెత్తి చాకు తీశాను. తెరుచుకోలేదు. తడిగోరు అలుగుమీది గంటులోనుంచి జారిపోయింది. మళ్ళీ జారింది. పిడిని రోడ్డుకేసి కొట్టాను. ఈలోగా అరటిపళ్ళ బండి అతను గెలలు కోసే కత్తితో వచ్చి చున్నీని ఒక్క వేటున తెంచాడు. అమ్మాయి దగ్గుతూ రోడ్డుమీద కూలబడింది, నీళ్ళు తాగింది, బతికింది. అతను కత్తి తుడుచుకుని బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. తెరుచుకోని చాకుతో నేను వానలో నిలబడ్డాను.

"అది నీ తప్పు. ఆరబెట్టి, నూనె రాసి ఉండవలసింది" అంటారు మిత్రులు. ముమ్మాటికీ నా తప్పే. ఆ చాకును నేనేమీ అనడం లేదు. నేనడిగేది ఒకటే. మనిషి తప్పు చేస్తాడని ఎరిగిన పనిముట్టు మేలా, చేయడని నమ్మే పనిముట్టు మేలా? మూడు రోజుల ముసురులో చాకు ఆరబెట్టుకునే తీరిక ఎవరికుంటుంది? ఆపద రావడానికి నూనె రాసిన రోజునే ఎంచుకోదు కదా.

చివరిగా లాకు. స్విస్ చాకుకు లాకు లేదు గనుక అది ప్రమాదమనీ, 1955లో వచ్చిన విరోబ్లాక్ కడియం వల్ల ఒపినెల్ భద్రమనీ అంటారు. లాకు లేని అలుగుతో పొడిచినా, గుచ్చి మెలితిప్పినా అది వేళ్ళమీదికి మడుచుకుంటుంది, ఒప్పుకుంటున్నాను. అందుకే గుచ్చే పనికి అందులో ఆరె వేరుగా ఉంది. పోతే, ఒపినెల్ కడియం దానంతటది బిగుసుకోదు. తెరిచిన ప్రతిసారీ గుర్తుపెట్టుకుని చేత్తో తిప్పాలి. తిప్పడం మరిచిననాడు ఆ అలుగును ఆపేది చెక్క బిగువు ఒక్కటే, అక్కడ స్ప్రింగు కూడా లేదు. లాకు ఉందన్న ధైర్యం మాత్రం చేతిలో ఉంటుంది. లేని భద్రతను ఉందనుకోవడం కంటే, లేదని తెలిసి జాగ్రత్తపడటం నయం.

విదేశాల్లో ఉన్న మనవారికి ఇంకొక మాట. బ్రిటనులో 1988 నాటి చట్టం ప్రకారం తగిన కారణం చూపనక్కరలేకుండా బహిరంగస్థలంలో వెంట ఉంచుకోదగినది మడతచాకు మాత్రమే, అది కూడా మూడంగుళాలు మించని అంచు ఉన్నది. అలుగును బిగించే లాకు ఉంటే అది ఈ మినహాయింపు కిందికి రాదని 1990లలోనే అక్కడి న్యాయస్థానాలు తేల్చాయి. ఎనిమిదో నంబరు ఒపినెల్ పొడవులోనూ, కడియంలోనూ రెండు విధాలా ఆగిపోతుంది. స్పార్టన్ రెండింటా గట్టెక్కుతుంది. లండనుకో లీడ్స్‌కో చదువుకు వెళ్ళే పిల్లవాడికి అందమైనదని ఒపినెల్ కానుకిచ్చే మేనమామలు ఈ సంగతి తెలుసుకుని ఇవ్వడం మంచిది. విమానంలో చేతిసంచిలో మాత్రం దేన్నీ పెట్టుకోకండి.

స్పార్టన్‌లో లోపాలు లేవని నేననను. అలుగు పొట్టి. ప్లాస్టిక్ పిడి గీతలు పడి కళతప్పుతుంది. గోళ్ళు కత్తిరించుకున్న రోజున తెరవడం కష్టమే. పదేళ్ళయినా దానిమీద ఎవరికీ కవిత్వం పుట్టదు. కాని వారం రోజులు తడిసిన జేబులోనుంచి తీసినా తెరుచుకుంటుంది, కోస్తుంది. ఇంతకుమించి జేబుచాకును నేనేమీ కోరను.

కనుక మిత్రమా, మీ ఒపినెల్‌ను పారేయమనడం లేదు. దానికి తగిన చోటు పళ్ళబుట్ట పక్కన ఉంది, అక్కడ ఉంచండి. వీధిలోకి బయల్దేరేటప్పుడు మాత్రం మీ మరుపును క్షమించగల చాకును వెంట తీసుకువెళ్ళండి. వచ్చే ఆదివారం మామిడికాయలు నేను తెస్తాను. మీ ఒపినెల్‌తోనే కోద్దాం. కోసేది మీరు. కోసినతరువాత కడిగి తుడిచి ఆరబెట్టేది కూడా మీరే, మీ ఇంట్లో మరెవరూ కాదు.