ఆపరేటరుని ఎక్కడ వదలాలి?

“నవల ఎంతదాకా వచ్చిందండీ? మళ్లీ మధ్యలో ఆగిపోయిందా?” అని ఈ వారం కూడా అడిగారు. ఆగలేదు. పందొమ్మిదో అధ్యాయంలో ఉన్నాను. మొత్తం ఇరవై రెండు అనుకున్నాను. ఈ వారం రాసినవి తొమ్మిది పేజీలు, చింపినవి నాలుగు. అంటే అయిదు మిగిలినట్టు. నా లెక్కన ఇది మంచి వారమే!

ఈ పేజీకి కొత్తగా వచ్చినవాళ్లకి రెండు ముక్కల్లో కథ. కోనసీమ పల్లెల్లో తిరిగే ఒక టూరింగ్ టాకీసు, అందులో ఒక ఆపరేటరు. డేరా ఎత్తేశాక పట్నంలో థియేటర్లో చేరతాడు. రీళ్లు పోయి డిజిటల్ వచ్చేసరికి అతని చేతికి పని ఉండదు.

మిగిలిన ఆ అయిదు పేజీలూ కార్బన్ కడ్డీల గురించే. ఈ కాలం పిల్లలకి తెలియదు గానీ, బల్బులు రాకముందు ప్రొజెక్టరులో వెలుతురు ఎక్కడిదనుకున్నారు? రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే మంటది. కడ్డీలు అరుగుతూ ఉంటాయి. మధ్యలో ఎడం పెరిగితే తెరమీద బొమ్మ మసకబారుతుంది. అందుకని ఆపరేటరు నల్లద్దంలోంచి ఆ మంటని కనిపెట్టి చూస్తూ, మర తిప్పి కడ్డీల్ని దగ్గరికి జరుపుతూ ఉండాలి. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. ఒకే మెషినున్న డేరాలో అయితే రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగాల్సిందే, నేల టిక్కెట్టువాళ్లు ఈలలు వెయ్యాల్సిందే! ఇదంతా రాస్తూంటే నాకొకటి తట్టింది. మావాడు ముప్ఫై ఏళ్లు జనానికి సినిమా చూపించాడు. తను చూసింది మాత్రం మంటని. ఒక్క సినిమా కూడా మొదట్నించీ చివరిదాకా కూర్చుని చూడలేదు.

అందుకే చివరి అధ్యాయంలో అతను డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కుని కుర్చీలో కూర్చుంటాడు. అంతవరకే చెబుతాను, మిగతాది పుస్తకంలో చూసుకోండి.

చిక్కల్లా ఇక్కడే వచ్చింది. ఈ పేజీ చదివే, హైదరాబాదు నుంచి ఒక నిర్మాత ఫోను చేశారు. “అమ్మా, సబ్జెక్టు బ్రహ్మాండం! కాకపోతే చివర్లో ఊరంతా కలిసి డేరా మళ్లీ వేయించాలి. కొడుకు అమెరికా నుంచి దిగాలి. నవల కూడా అలాగే ముగించండి, అడ్వాన్సు సోమవారమే పంపిస్తా” అన్నారు. అంకె కూడా చెప్పారు. అది విని మావారు కాఫీ గ్లాసు కింద పెట్టి ఇంటి కప్పు వంక చూశారు. మాది పెంకుటిల్లు. వానలు పడేలోగా పెంకు నేయించకపోతే రాసుకునే బల్ల తడుస్తుంది. కనక డబ్బు చేదని నేననను.

నవలలు సినిమాలు కావడం మనకి కొత్తా? కోడూరి కౌసల్యాదేవి గారి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ అయింది. యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ 1976లో తెరకెక్కింది. అవన్నీ ముందు నవలలు. జనం చదివి, పోట్లాడుకుని, హీరోయిన్ని సొంతం చేసుకున్నాకే సినిమావాళ్లు వచ్చి కొనుక్కున్నారు. కొన్నాక మార్చుకుంటే అది వాళ్ల వ్యాపారం. పుస్తకం పుట్టకముందే మార్చమంటే మాత్రం నాకు మింగుడుపడలేదు. “నవల అచ్చయ్యాక సినిమాలో మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండి, పుస్తకంలో మాత్రం డేరా లేవదు” అన్నాను. “ఆలోచించుకుని సోమవారం చేస్తానమ్మా” అన్నారాయన.

ఆ రాత్రి నిద్రపట్టక గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ మళ్లీ తీశాను. మా రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం నుంచి తెచ్చిన ప్రతి. ఎవరో పెన్సిలుతో పేజీ పేజీకీ గీతలు గీసిపెట్టారు. అన్నీ నాకు నచ్చిన చోట్లే, ఎవరో మహానుభావులు! గోపీచంద్‌కి సినిమా తెలియక కాదు. 1939లో ‘రైతుబిడ్డ’కి రాసినవాడు, 1950లో ‘లక్ష్మమ్మ’కి దర్శకత్వం వహించినవాడు. (అదే ఏడు అదే కథతో ‘శ్రీ లక్ష్మమ్మ కథ’ కూడా వచ్చింది. పోటీలు ఇప్పుడు పుట్టాయా ఏమిటి!) అంత సినిమా తెలిసిన మనిషి కూడా నవలలో సీతారామారావుని చివరి నిమిషంలో ఎవరిచేతా రక్షింపజెయ్యలేదు. తెల్లవారుజామున పుస్తకం మూసేసరికి మనసు కాస్త కుదుటపడింది.

ఇక ఈ వారం సుఖాలంటారా? ముంజలు దిగాయి. చూపుడువేలితో నీళ్లు ఒలక్కుండా తినడం నాకింకా చాతనవుతోంది! రత్నం కలం పాళీ సానపట్టించాను, తొమ్మిది పేజీలూ దాని చలవే. అన్నట్టు, సోమవారం ఏం తేలినా సరే, పెంకు మేస్త్రీని మంగళవారం రమ్మన్నాను. వంటింటివైపు వచ్చే ఏడు చూసుకుందాం, బల్ల ఉన్నవైపు ముందు నేయమని చెప్పాను.

మీతో ఒక పని ఉంది. చిన్నప్పుడు డేరా వెనకాల పారేసిన కార్బన్ ముక్కలు ఏరుకున్నవాళ్లు మీలో ఉంటారు. వాటికి పైన రాగిపూత ఉండేదని తెలుసు. చేత్తో పట్టుకుంటే ఎలా ఉండేవి? గోడమీద గీస్తే గీత పడేదా? ఎవరికైనా గుర్తుంటే ఒక ముక్క రాసి పడెయ్యండి. పందొమ్మిదో అధ్యాయంలో ఆ ఒక్క వాక్యానికీ చోటు ఖాళీగా ఉంచాను.