బొమ్మకు సంతకం ఉంది, కథకు లేదు

చిలకలూరిపేటలోనో పర్చూరులోనో పదేళ్ల పిల్లాణ్ని ఒక సూపర్ హీరో పేరు చెప్పమనండి. స్పైడర్‌మ్యాన్ అంటాడు, తడుముకోడు. కళ్లంలో అమ్మ తాలుకాయలు ఏరుతుంటే పక్కన కూర్చుని ఫోన్‌లో చూసేదీ ఆ సాలీడు మనిషినే. వాడి తప్పేం లేదు. దాసరి సుబ్రహ్మణ్యం అనే పేరు వాడి చెవిన వేసినవాళ్లెవరు గనక?

ఆయన గుంటూరు జిల్లా మనిషి. 1952లో మద్రాసులో పిల్లల మాసపత్రిక చందమామలో చేరి, యాభై ఏళ్లకు పైగా అక్కడే పనిచేశారు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి, 1978లో ‘భల్లూక మాంత్రికుడు’ ముగిసేదాకా పన్నెండు సీరియళ్లు రాశారు. స్పైడర్‌మ్యాన్ పుట్టింది 1962లో. అప్పటికే మన పిల్లలు నెలనెలా మాంత్రికుల గుహల్లో దూరి, రాక్షసుల చేతికి చిక్కి, మళ్లీ బయటపడి, తర్వాతి సంచిక కోసం పోస్ట్‌మన్ దారి కాస్తున్నారు.

ఆయన వీరులకు వీపున గుడ్డ ఎగరదు, ఆకాశంలో తేలరు. ‘యక్షపర్వతం’లో కత్తి పట్టిన ఖడ్గవర్మ, మంత్రదండం పట్టిన జీవదత్తుడు. ‘మాయా సరోవరం’లో జయశీలుడికి తోడు సిద్ధసాధకుడు. ఒక్కడే లోకాన్ని మోసే పద్ధతి కాదు, ఇద్దరు స్నేహితుల వ్యవహారం. ప్రాణం మీదికొచ్చిన చోట కూడా మాటకు మాట అంటించుకుంటారు. అవతల గొప్పలకు పోయే మాంత్రికుడు తన ఎత్తులో తానే బోల్తాపడతాడు. భయపెడుతూనే నవ్వించడం ఎంత కష్టమో రాసి చూసినవాళ్లకే తెలుస్తుంది. మన విమర్శకులు మాత్రం దాన్ని ‘కాలక్షేపం’ అనే గోతాంలో కుక్కి మూతి కుట్టేశారు.

అసలు అన్యాయం అంతకుముందే జరిగింది. సీరియల్ మీద రచయిత పేరు వేసేవారు కాదు. బొమ్మల మూల మాత్రం చిత్రకారుడు ‘చిత్రా’ సంతకం ఉండేది. కథ ఎవరిదో నెలనెలా చదివిన పిల్లలకు తెలియలేదు. అది పత్రిక పద్ధతి, ఒప్పుకుంటాను. పత్రికను నడిపిన చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు ఇద్దరూ తెనాలివాళ్లే, మనవాళ్లే, నాకెంతో గౌరవం. కానీ పద్ధతి అయినంత మాత్రాన బాధ తగ్గుతుందా? చక్రపాణికి ఈ మాంత్రికుల గోల రుచించక, ఆపించి బెంగాలీ రచయిత బంకించంద్రుడి నవల వేయిస్తే, పాఠకులు ఊరుకోలేదని చందమామ అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. పిల్లలకు తెలిసిన విలువ పెద్దలకు తెలియలేదన్నమాట.

2010 జనవరిలో సుబ్రహ్మణ్యం కన్నుమూశారు. కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారాలు మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. ఆయన పోయాక అభిమానులే పూనుకుని ఆ సీరియళ్లను పుస్తకాలుగా తెచ్చారు. సర్కారుకు చీమ కుట్టినట్టయినా లేదు.

విగ్రహం పెట్టమనడం లేదు. మన కూడళ్లలో వాటికి కొదవా? నరసరావుపేట నుంచి అద్దంకి దాకా ప్రతి బడి గ్రంథాలయంలో ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ పెట్టండి. చినిగిపోయేదాకా చదవనివ్వండి. తెలుగు వాచకంలో ఒక ఘట్టం వేయండి. వేసినప్పుడు కింద ‘చందమామ నుండి’ అని రాసి చేతులు దులుపుకోకండి. దాసరి సుబ్రహ్మణ్యం అని, ఇంటిపేరుతో సహా, పిల్లలకు కనపడేంత అక్షరాల్లో అచ్చువేయండి.